మూడు తలుపుల హీటర్

ఎదురుపడితే అందరూ ‘ఒరిజినల్ గారూ’ అని పలకరించేవారు. ఆయన అటు తిరగ్గానే ‘గారు’ ఎగిరిపోయి ఒట్టి ‘ఒరిజినల్’ మిగిలేది. ఆ పేరు ఆయన చేతులారా తెచ్చుకున్నదే. ఎవరు ఏది చూపించినా, అది చేతిగడియారం కానివ్వండి, చెప్పుల జత కానివ్వండి, ముందు దాన్ని బోర్లా తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ‘‘ఒరిజినలేనా?’’ అని అడిగేవాడు. చుట్టాలింట్లో పుట్టిన పసిబిడ్డను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ మాట ఎక్కడ నోరు జారుతుందోనని భార్య ఆయన మోచేయి పట్టుకుని నిలబడేది. జారలేదు గానీ, బిడ్డ చెవులు మాత్రం రెండుసార్లు పరీక్షగా చూశాడు.

ఆయన పని రేడియేటర్లకు టంకం వేయడం. కొండ రోడ్డు మొదలయ్యే చోట, టైర్ల కొట్టుకూ టీ కొట్టుకూ మధ్య పొడుగాటి రేకుల షెడ్డు ఆయనది. కొండ ఎక్కబోయి ఉడికిపోయిన లారీలు ఆవిర్లు కక్కుకుంటూ వెనక్కి దిగొచ్చి ఆ షెడ్డు ముందే ఆగేవి. లోపల రెండు తొట్లు. ఒకదాంట్లో మామూలు నీళ్ళు. రేడియేటర్‌ను అందులో ముంచి గాలి కొడితే చిల్లున్న చోట బుడగలు లేస్తాయి. రెండోదాంట్లో మరిగే కాస్టిక్ సోడా నీళ్ళు. గ్రీజు, తుప్పు, రంగు, ఏది పట్టి ఉన్నా అందులో వేస్తే కాసేపటికి పొరలు పొరలుగా ఊడొచ్చి ఇత్తడి ఇత్తడిలా, రాగి రాగిలా బయటపడుతుంది.

సోడా తొట్టి భార్యది, టంకం ఆయనది. పెళ్ళయి షెడ్డులోకి వచ్చిన కొత్తలోనే ఆయన ఆవిడకు ఒక నియమం నూరిపోశాడు. ‘‘మురికి వస్తువు మీద టంకం నిలవదు. ఈ గుమ్మం దాటి లోపలికొచ్చింది ఏదైనా సరే, ముందు తొట్టిలోకి వెళ్ళాల్సిందే.’’ ఒకసారి గ్రీజు చేతులతో పట్టుకొచ్చిన ఆయన అన్నం డబ్బాను కూడా ఆవిడ అందులో పడేసింది. అది అల్యూమినియం డబ్బా. సోడాకు అల్యూమినియం ఆగదు కదా, అడుగు కరిగిపోయి పైన మూత మిగిలింది. ఆయన తిట్టలేదు. తిట్టడానికి నోరెలా వస్తుంది, నియమం ఆయనదేనాయె. ఆ రోజు టీ కొట్లో బన్ను తిని పని చేసుకున్నాడు.

ఇక జీపు సంగతి. ఇంటి వెనక రేకుల పంచలో ఒక పాత జీపు ఉండేది. ఒకప్పుడు సర్వే ఆఫీసువాళ్ళను కొండల్లో తిప్పిన బండి. ఆయన చేతికి వచ్చేసరికి చక్రాల్లేవు, సీట్లలో ఎలుకలున్నాయి. ఏళ్ళ తరబడి ఒక్కో నట్టు, ఒక్కో అద్దం, ఆ కాలానిదే వెతికి తెచ్చి, దాన్ని పుట్టిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టాడు. భార్య దానికి ‘ఇనప చుట్టం’ అని పేరు పెట్టింది. మామూలు చుట్టాలు నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు, ఇది కదిలే రకం కాదని ఆవిడ ఫిర్యాదు.

ఆవిడకు దానిమీద కోపం లేదు, చలి ఉంది. సోడా తొట్టి దగ్గర రోజంతా తడి నేలమీద నిలబడి నిలబడి పాదాలు ఎప్పుడూ మొద్దుబారి ఉండేవి. ఆ బండికేమో గుడ్డ పైకప్పు, గుడ్డ తలుపులు. చలికాలంలో ఎక్కడికి వెళ్ళాలన్నా ఆవిడ రెండు కాళ్ళూ గోనెసంచిలో దూర్చుకుని కూర్చునేది. ఎదురుగా, డాష్‌బోర్డు కింద నాలుగు బోల్టు రంధ్రాలు కనిపించేవి. అక్కడ ఒకప్పుడు హీటర్ ఉండేది.

‘‘ఏదో ఒక హీటర్ పెట్టించకూడదా?’’ అని అడిగేది.

‘‘ఏదో ఒకటి ఎలా పెడతామే? దీంతో వచ్చింది మూడు తలుపులది.’’

‘‘తలుపులు నాకెందుకండీ? కాళ్ళు వెచ్చగా ఉంటే చాలు.’’

అక్కడితో మాట ఆగిపోయేది. ఆయన బండి పనిలో పడిపోయేవాడు, ఆవిడ గోనెసంచి దులుపుకునేది.

ఆ ఏడు వానలు వెలిసేసరికి కొత్త రూలు ఒకటి వచ్చి పడింది. వయసు మీరిన బండ్లన్నిటినీ తుక్కు కింద ముక్కలు చేస్తారట. పుట్టినప్పటి రూపంలోనే ఉన్నవాటికి మాత్రం మినహాయింపు. అలాంటి బండ్లను చూసి నిర్ణయించడానికి రవాణా ఆఫీసులో ఒక కమిటీ వేశారు. ఆ మాట వినగానే ఒరిజినల్ గారి గుండెలో రాయి పడింది. దాంతోపాటు, అబద్ధం ఎందుకు, చిన్న ఆశ కూడా పుట్టింది. నకిలీని పట్టడంలో ఊళ్ళో తనను మించినవాడు లేడు, కమిటీలోకి పిలవకుండా ఎలా ఉంటారు అనుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి కొక్కేనికి తగిలించాడు కూడా. ఎవరూ పిలవలేదు. ‘‘నాకేం పనీపాటా లేదా, వాళ్ళ వెంట తిరగడానికి’’ అని చొక్కా తీసి పెట్టెలో పెట్టేశాడు.

కమిటీ పంపిన కబురు స్పష్టంగా ఉంది. కొండ ప్రాంతాల కోసం చేసిన ఆ రకం జీపుకు హీటర్ తప్పనిసరి. చలికాలం ముగిసేలోపు ఆ కాలపు హీటర్‌తో చూపిస్తే సరే, లేకపోతే తుక్కు యార్డు. ఆయన యార్డుకెళ్ళి అక్కడి యంత్రాన్ని చూసొచ్చాడు. అది ఒక బస్సును పట్టుకుని నలిపేస్తుంటే చూసి, ఆ పూట అన్నం సహించలేదు.

ఆ హీటర్ ఎలా ఉంటుందంటే, నల్లరంగు వేసిన గుండ్రటి ఇనప డబ్బా, అడ్డంగా పడుకోబెట్టిన బిందెంత. లోపల చిన్న రాగి రేడియేటర్, దాని వెనక ఫ్యాను. ఇంజనులో కాగిన నీళ్ళు గొట్టంలోంచి వచ్చి ఆ రాగిలో తిరిగి వెళ్తుంటే ఫ్యాను దాని మీదుగా గాలి తోస్తుంది. ముందువైపు మూడు చిన్న రేకు తలుపులు. ఒకటి పక్కన కూర్చున్నవాళ్ళ కాళ్ళకు, ఒకటి నడిపేవాడి కాళ్ళకు, ఒకటి పైకి, అద్దానికి. కంపెనీవాళ్ళు మూస మార్చకుండా చాలా ఏళ్ళు అదే డబ్బా చేశారు. ఏ ఏటిదో చెప్పేది ఒక్కటే: డబ్బా అడుగున, నల్లరంగు మీద తెల్ల సిరాతో కొట్టిన గుండ్రటి ముద్ర. అందులో నెల, సంవత్సరం ఉంటాయి. బండి పుట్టిన ఏడూ అదీ ఒకటి కాకపోతే కమిటీ తల ఊపదు.

ఈ ముద్ర సంగతి ఆయన లారీ డ్రైవర్లకు చెప్పాడు, టీ కొట్టువాడికి చెప్పాడు, దారినపోయేవాళ్ళను ఆపి మరీ చెప్పాడు. భార్యకు మాత్రం చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. జీపు మాట ఎత్తితే ఆవిడ ‘ఊఁ’ కొట్టి పని చూసుకునేది, చెప్పే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పింది.

కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాడు. తుక్కు కొట్లు, పాత గ్యారేజీలు, మూసేసిన బస్సు డిపో, అన్నీ గాలించాడు. ఒకచోట రెండు తలుపులది దొరికింది. ఇంకోచోట మూడు తలుపులది దొరికింది గానీ ముద్రలో సంవత్సరం మరీ కొత్తది. ‘‘అంతా ఒకటే కదండీ, డబ్బా కింద ఎవడు చూస్తాడు?’’ అన్నాడు గ్యారేజీవాడు. ‘‘నేను చూస్తాను’’ అని ఈయన లేచి వచ్చేశాడు.

బావమరిదిని అడిగితే పని తేలికయ్యేది. భార్య తమ్ముడు, రవాణా ఆఫీసు ఎదురుగా నంబరు ప్లేట్లూ రబ్బరు స్టాంపులూ చేసే కొట్టు పెట్టుకున్నాడు. పాత బండ్లవాళ్ళంతా అతని దగ్గరికే వస్తారు. కానీ ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఏడు వేసవిలో స్కూలు మైదానంలో పాత బండ్ల కలయిక జరిగింది. ఒక డాక్టరు గారి జీపులో డాష్‌బోర్డు మీద మెరిసే ఇత్తడి పలకను చూసి అందరూ ఆహా ఓహో అంటున్నారు. ఒరిజినల్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ‘‘ఇది ఒరిజినల్ కాదు. రివెట్టు తలలు చూడండి, మా బావమరిది చేతిపని’’ అన్నాడు. బావమరిది అక్కడే నిలబడి ఐస్‌క్రీం తింటున్నాడు. డాక్టరు గారి మొహం మాడిపోయింది, ఐస్‌క్రీం కరిగి చొక్కా మీద పడింది. ఆనాటి నుంచి అతను అక్కగారి గడప తొక్కలేదు. ఆదివారం భోజనానికి రావడం మానేశాడు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం కంచాలు మూడు తీసి, ఒకటి మళ్ళీ గూట్లో పెట్టేది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

చలి ముదిరింది. ఒక రోజు కోళ్ళ దాణా తోలే లారీ డ్రైవరు రేడియేటర్ తెచ్చి, టంకం పెడుతుంటే పక్కన కూర్చుని ఈయన హీటర్ పురాణమంతా విన్నాడు. చివర్లో గడ్డం గోక్కుంటూ, ‘‘చిన్న చిన్న రేకు తలుపులు మూడు ఉంటాయా? అయితే అది కోడిపిల్లల గదిలో ఉందండీ’’ అన్నాడు.

ఆ ఫారం కొండ అవతలి వాలులో ఉంది. యజమానురాలు పొట్టిగా, గట్టిగా, ఎవరినీ లెక్కచేయని మనిషి. పెనిమిటి పోయాక, పాడుబడ్డ ఆయన జీపులోంచి హీటర్ ఊడదీసి, బాయిలర్ నీళ్ళు దానికి కలిపి, పిల్లల గదిలో గోడకు బిగించుకుంది. ఒరిజినల్ గారు కోడిపిల్లల మధ్య, పొట్టు మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాడు. మురికి కింద తెల్లటి ముద్ర. నెల కనిపించింది. సంవత్సరం కనిపించింది. చివరి అంకె తోక కొంచెం చెరిగి ఉంది గానీ అదే ఏడు, బండి పుట్టిన ఏడే. ఒక కోడిపిల్ల ఆయన కడుపు మీదికి ఎక్కి తిరుగుతోంది, ఆయనకు తెలియనే లేదు.

‘‘ఇదే అమ్మా. ఒరిజినలే’’ అన్నాడు లేస్తూ.

‘‘అదేంటో నాకు తెలీదు. వెచ్చగా ఉంటుంది’’ అంది ఆమె. ‘‘ఇవ్వను. ఇస్తే నా పిల్లలు చస్తాయి.’’

‘‘దీనికంటే బాగా పనిచేసేది చేసిస్తాను.’’

‘‘చెయ్యి, చూద్దాం. బాగుందో లేదో చెప్పాల్సింది నేనూ కాదు, నువ్వూ కాదు. పిల్లలు చెప్పాలి.’’

ఆయన ఇంటికొచ్చి, పాత బస్సు రేడియేటర్ కోసి, నాలుగు వరసల రాగితో ఒకటి తయారుచేశాడు. తొట్టి పని భార్య చేసింది. కోడిపిల్లల కోసమని తెలిసి ఒకటికి రెండుసార్లు కడిగింది కూడా. దాన్ని తీసుకెళ్ళి గోడకు బిగించి నీళ్ళు వదిలారు. యజమానురాలు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని పిల్లల్నే చూస్తోంది. చలేస్తే అవి ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా చేరతాయి. వేడెక్కువైతే గోడలకు అంటుకుపోతాయి. చాలాసేపు కుప్పగానే ఉన్నాయి. మెల్లగా కుప్ప విడి, పిల్లలు గదంతా పరుచుకుని దాణా ఏరుకోవడం మొదలెట్టాయి.

‘‘తీసుకుపో’’ అంది ఆమె.

హీటర్‌ను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టాడు. ఫోటో తీయమని దాణా లారీ డ్రైవరు అంటే, ‘‘చేతిలో ఉన్నదానికి ఫోటో దేనికి?’’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే కొత్త రబ్బరు గొట్టాల కోసం బజారుకు వెళ్ళాడు. వెళ్తూ భార్యతో, ‘‘అది వచ్చేసిందోయ్’’ అన్నాడు. అంతే. ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి హీటర్ బల్ల మీద లేదు. వాకిట్లో, ఎండ తగిలే చోట పీట మీద ఉంది. రాగి ధగధగలాడుతోంది. డబ్బా తెల్లటి ఇనుము, రంగన్నది మచ్చుకైనా లేదు.

‘‘కడిగి పెట్టాను’’ అంది భార్య, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. మొహం సంతోషంగా ఉంది. ‘‘షెడ్డంతా కోళ్ళ కంపు కొడుతుంటే ఉండబట్టలేకపోయానండీ. మోటారు విప్పి పక్కన పెట్టే ముంచాన్లెండి, దానికేం కాలేదు. మీరొచ్చి ఎలాగూ ముంచమంటారు కదా అని.’’

ఆయన డబ్బాను చేతిలోకి తీసుకుని బోర్లించాడు. అడుగున ఏమీ లేదు. బొటనవేలితో అక్కడ రుద్దాడు, రుద్దితే వస్తుందన్నట్టు. కేకలు వేయాలనిపించింది. ఆ ఎండలో నిలబడి, ఎర్రబడ్డ చేతులతో, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్న మనిషిని చూసేసరికి కేక గొంతులోనే ఉండిపోయింది. ఈ గుమ్మం దాటి లోపలికొచ్చింది ఏదైనా ముందు తొట్టిలోకి వెళ్ళాల్సిందే. ఆ మాట అన్నది ఎవరు?

‘‘మంచి పని చేశావు’’ అన్నాడు.

రెండు రోజులు ఆయన హీటర్ చుట్టూనే తిరిగాడు. హీటర్ ఒరిజినలే. లోకంలో అంతకంటే ఒరిజినల్ ఇంకోటి లేదు. కానీ అది ఒరిజినలని చెప్పే గుర్తు తొట్టి అడుగున మడ్డిలో కలిసిపోయింది. కమిటీ దగ్గరికి వెళ్ళి ‘నా మాట నమ్మండి’ అనవచ్చు. అలా అన్నవాళ్ళను జీవితమంతా ఆయన ఏమన్నాడో ఆయనకు గుర్తుంది. బండి యార్డుకు వెళ్ళిపోతే, ఎందుకు వెళ్ళిందో ఎవరో ఒకరు భార్య చెవిన వేస్తారు. తన చేత్తోనే పోయిందని ఆవిడకు తెలుస్తుంది. బండి పోతే తట్టుకోగలనేమో అనుకున్నాడు, ఆ రెండోది మాత్రం తన వల్ల కాదనిపించింది.

మూడో రోజు బావమరిది కొట్టుకు వెళ్ళాడు. కొట్టంటే గోడకు ఆనించిన గది. బల్ల మీద అక్షరాల అచ్చులు, సిరా డబ్బాలు, నంబరు ప్లేట్ల దొంతరలు. బావమరిది తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

‘‘దారి తప్పావా బావా?’’

‘‘ఒక ముద్ర కావాలి’’ అన్నాడు ఈయన. హీటర్‌ను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. చెప్పడంలో ఒక్కటి మార్చాడు. ‘‘పరధ్యానంలో తొట్టిలో వేసేశాను.’’

‘‘నువ్వా?’’

‘‘నేనే. చేతి అలవాటు.’’

బావమరిది ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. డబ్బాను బోర్లించి చూశాడు. ఇన్ని నెలలు కడుపులో దాచుకున్న మాట నాలుక చివరికి వచ్చినట్టుంది, పెదవి ఒక పక్కకు వంగింది.

‘‘బావా, ఇంతకీ ఇది ఒరిజినలేనా?’’

ఒరిజినల్ గారు తల దించుకున్నాడు. ‘‘ఇది ఒరిజినలే. ముద్రే కాదు’’ అన్నాడు చివరికి.

అది విన్నాక బావమరిదికి ఎగతాళి చేయబుద్ధి కాలేదు. స్టూలు జరిపి, కాగితం, పెన్సిలు ముందుకు తోశాడు. ‘‘గీయి.’’

ముద్రలో ప్రతి గీతా ఆయన కళ్ళలోనే ఉంది. వృత్తం ఎంత, లోపల అక్షరాలు ఎక్కడ, చివరి అంకె తోక ఎక్కడ చెరిగింది, అన్నీ గీశాడు. బావమరిది రబ్బరు కోసి అచ్చు చేశాడు. డబ్బాకు నల్లరంగు వేయడం, ఆరబెట్టడం, తెల్ల సిరా కలపడం, అదంతా అయ్యాక, ఊపిరి బిగబట్టి ఒక్కసారి అద్ది తీశాడు. ముద్ర అద్దంలా, తిన్నగా పడింది.

‘‘చెయ్యి తిరిగిన పని’’ అన్నాడు ఒరిజినల్ గారు. బావమరిది గురించి ఆయన నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు.

దానికి వయసు తెచ్చే పని ఆయనే చేశాడు. నకిలీలు పట్టుకుని పట్టుకుని ఆ విద్యలన్నీ ఆయనకు తెలుసు. చిక్కటి టీ నీళ్ళు పూయాలి, మసిగుడ్డతో రుద్దాలి, కిరసనాయిలు చుక్కతో అంచులు మాపాలి. చేస్తున్నంతసేపూ చేతులు చకచకా కదిలాయి, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు మెడ మాత్రం మంటెక్కింది. అచ్చును అక్కడే కత్తెరతో ముక్కలు చేయించి వచ్చాడు.

తనిఖీకి ముందురోజు ఆదివారం. బావమరిది చేతులూపుకుంటూ వచ్చి, ‘‘అక్కా, ఆకలేస్తోంది’’ అన్నాడు. ఆవిడ గూట్లోంచి మూడో కంచం తీస్తూ ఒక క్షణం ఆగింది. మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఇద్దరూ నీళ్ళ చెంబు వైపు చూస్తున్నారు. ఏమీ అడగకుండా వడ్డించింది.

రవాణా ఆఫీసు వెనక వాకిట్లో బండ్లు బారులు తీరాయి. కమిటీ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ పని తెలిసిన మనిషి. తొందరపడకుండా ఒక్కో బండి చుట్టూ తిరుగుతోంది. ఒరిజినల్ గారి జీపు దగ్గర చాలాసేపు ఆగింది. ఇంజను చూసింది, దీపాలు చూసింది, తలుపుల గుడ్డ కుట్లు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న అద్దం డాష్‌బోర్డు కిందికి పెట్టి టార్చి వేసింది. భార్య గుడ్డ తలుపు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ నెల చదివింది. సంవత్సరం చదివింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది.

‘‘ముద్ర ఉండబట్టి సరిపోయిందండీ. ఇది లేకపోతే ఎంత మంచి బండయినా నేనేం చేయలేకపోయేదాన్ని. చాలామంది బాగుచేస్తున్నామనుకుని సోడాలో ముంచి కడిగేసుకుంటున్నారు. పాపం, తెలీక. పొద్దున ఒక బండిని వెనక్కి పంపాను. మీకు తెలుసు కాబట్టి కాపాడుకున్నారు.’’

భార్య చేతిలోంచి గుడ్డ తలుపు జారి పట్టీ టపటప కొట్టుకుంది. ఆయన అటు చూడలేదు.

‘‘ఇంకో మాట’’ అంది ఇన్‌స్పెక్టరమ్మ, బండి మీద చీటీ అతికిస్తూ. ‘‘కమిటీలో ఒక సీటు ఖాళీ అయింది. మీ పేరు అందరూ చెప్తున్నారు. మీరు ఒరిజినల్ అంటే ఒరిజినలేనట. వచ్చి కూర్చోకూడదా?’’

ఆ మాట కోసం ఆయన ఎంత ఎదురుచూశాడో తెల్లచొక్కాకు తెలుసు. ఆ రోజు వేసుకున్నదీ అదే చొక్కా. చేతులు వెనక్కి కట్టుకుని, ఎదుటి బండి చక్రం వైపు చూస్తూ, ‘‘నా కళ్ళు మునుపటిలా లేవమ్మా. ఇంకెవరినైనా చూసుకోండి’’ అన్నాడు.

‘‘అయ్యో’’ అని ఆమె పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో చల్లటి గాలి గుడ్డ తలుపుల సందుల్లోంచి ఈలలు వేస్తోంది. ఇంజను వేడెక్కింది. ఆయన హీటర్ మీట నొక్కితే ఫ్యాను కాస్త గొణిగి తిరగడం మొదలెట్టింది. ఆవిడ వంగి హీటర్‌కు తనవైపున్న రేకు తలుపు తెరిచింది. కాసేపటికి గోనెసంచిలోంచి కాళ్ళు బయటికి తీసి, సంచి మడిచి వెనక సీట్లో పెట్టింది.

‘‘మీ కళ్ళకేమైంది?’’ అంది ఆవిడ.

ఆయన గేరు మార్చాడు.

‘‘నిన్న తమ్ముడొచ్చినప్పుడే అనుకున్నాను, ఊరికే రాడు కదా అని.’’

‘‘ఆకలేసి వచ్చాడు.’’

‘‘నేను చూశానండీ ఆ ముద్రను. నీళ్ళలోకి దించేముందు చూశాను. తెల్లగా ఉంది, ఏదో రాత అనుకున్నాను. తిన్నగా లేదు, ఎడమపక్కకు ఒరిగి ఉంది. ఇందాక ఆమె అద్దంలో నేనూ చూశాను.’’ ఆవిడ వంగి డబ్బా అడుగు వేలితో తాకింది. ‘‘ఇది తిన్నగా ఉంది.’’

ఆయనకు ఆ ఒరుగు అప్పుడు గుర్తొచ్చింది. అవును, ఎడమపక్కకే. కాగితం మీద గీసేటప్పుడు స్కేలు పెట్టి గీశాడు.

‘‘ఊరందరికీ చెప్పారు కదా. నాకొక్క మాట చెప్పి ఉంటే కడిగేదాన్ని కాదు’’ అంది ఆవిడ. ఏడుస్తోంది, చప్పుడు చేయకుండా.

ఆయన బండి పక్కకు తీయబోయి, తీయలేదు. ‘‘తప్పు నాదే’’ అన్నాడు. మలుపు తిప్పి, ‘‘కాళ్ళు వెచ్చగా ఉన్నాయా?’’ అని అడిగాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ‘‘ఉన్నాయి’’ అంది. తర్వాత వంగి, చెయ్యి చాచి, ఆయనవైపున్న రేకు తలుపు కూడా తెరిచింది.